రెక్క విప్పేలోపు

మీ కెమెరా ఇప్పుడెక్కడుంది? నిజం చెప్పండి.

బీరువాలో కదూ? పట్టుచీరల కింద, కలరా ఉండల పక్కన, సంచీలో పెట్టి, ఆ సంచీని ఇంకో సంచీలో పెట్టి. అల్లుడుగారు అమెరికా నుంచి తెచ్చారు, దుమ్ము పడితే ఎలాగంటారు. పడనివ్వండి! దుమ్ము తుడిస్తే పోతుంది. పెరటి గోడ వెంట తల్లిముంగిస పిల్లల్ని వెనకేసుకుని పోతుంటుంది. మీరు బీరువా తాళాలు వెతికి, జిప్పులు లాగి, బ్యాటరీ ఎక్కించుకుని వచ్చేసరికి గోడొక్కటే మిగులుతుంది. గోడ ఫోటో ఎవరిక్కావాలి?

నా కెమెరా వంటింటి కిటికీ పక్కన మేకుకి వేలాడుతుంటుంది. లెన్సుకి మూత ఉండదు. ముందు ఓ అద్దపు ఫిల్టరు బిగించి ఉంటుంది కాబట్టి పోపు తుంపర పడ్డా దాని మీదే పడుతుంది. బ్యాటరీ రాత్రే నిండి ఉంటుంది, కార్డు ఖాళీగా ఉంటుంది. "వంటింట్లో ఇదేం చోద్యం" అని మా అత్తగారు అంటూనే ఉంటారు. అంటూనే, కిటికీ బయట మందారం మీద తేనెపిట్ట వాలగానే "వచ్చింది వచ్చింది, తియ్యవే" అని అందరికంటే ముందు కేకేసేదీ ఆవిడే.

వన్యప్రాణులంటే ఆఫ్రికా సింహాలని అనుకునేరు! నావన్నీ కరెంటు తీగల కబుర్లు, చెరువుగట్ల కబుర్లు, వానపడ్డ సాయంత్రాల కబుర్లు. మహా అయితే నల్లమల దాకా వెళ్తాం, అంతే.

పాలపిట్టతో మొదలుపెడదామా? దసరా రోజున ఊరు ఊరంతా పొలిమేర దాటి వెళ్ళి దాన్నొక్కసారి చూసి చేతులు జోడిస్తుంది. తెలంగాణకైతే అది రాష్ట్రపక్షి కూడా. మిగతా సంవత్సరమంతా అదే పిట్ట మన తలల పైనే తీగ మీద కూర్చుని ఉంటే ఒక్కరూ తలెత్తరు. ఏం న్యాయమండీ ఇది?

సరే, ఒప్పుకుంటాను, కూర్చున్నప్పుడు అంతగా కంటికి ఆనదు. మట్టిరంగు వీపు, ఒంటికి కాస్త పెద్దదనిపించే తల, గొంతు మీద లేత గీతలు. దీనికోసమా ఇంత దూరం వచ్చింది అనిపిస్తుంది. అప్పుడు రెక్క విప్పుతుంది. పండక్కని దాచిన చీర మడత విప్పినట్టు ముదురు నీలం, లేత నీలం, మళ్ళీ ముదురు నీలం, పట్టీలు పట్టీలుగా బయటపడతాయి. ఆ నీలం పూసిన రంగు కాదట. ఈక లోపలి సన్నటి అల్లికలో వెలుతురు చెదిరి మనకలా కనబడుతుందట. అందుకే ఎండ రెక్క మీద ఏటవాలుగా పడిన క్షణానికీ మబ్బు పట్టిన క్షణానికీ అంత తేడా. విప్పడం, గడ్డిలోకి దూకడం, ముడవడం, అంతా కలిపి రెండు మూడు సెకన్ల పని. ఆ రెండు మూడు సెకన్ల కోసం గంటలు గంటలు తీగ కింద నిలబడతారా అంటే, నిలబడతానండీ. సంతోషంగా నిలబడతాను.

ఇక్కడో లెక్క ఉంది. కన్ను చూసి, బుర్ర తెలుసుకుని, వేలు నొక్కేసరికి మనిషికి సెకనులో అయిదో వంతు పడుతుంది. ఎంత చురుకైన వాళ్ళకైనా అంతే, పెద్ద తేడా ఉండదు. ఆ అయిదో వంతులో పాలపిట్ట తీగ వదిలేస్తుంది. ఎగరడం చూశాక నొక్కారా, మీకు దక్కేది తోక. ఎగరకముందే నొక్కాలి. మరి ఎగరబోతోందని ఎలా తెలుస్తుంది? హమ్మయ్య, అడిగారు! అది చెప్పడానికేగా పొద్దుట్నుంచీ కాచుక్కూచున్నాను.

మా కాలవగట్టు మీదికి గేదెల్ని తోలుకొచ్చే తాత ఒకాయన ఉన్నాడు. కెమెరా ఎలా పట్టుకోవాలో కూడా తెలియదు. ఒకరోజు గట్టు మీద నా పక్కనే చతికిలబడి, బీడీ ముట్టించుకుంటూ, "దాని మొహంలోకేం చూస్తావమ్మా? అది గడ్డిలో ఏం చూస్తుందో అది చూడు" అన్నాడు. ఎన్ని పుస్తకాలు తిరగేసినా అంతకంటే మంచి మాట నాకు దొరకలేదు.

అప్పట్నుంచీ గమనిస్తున్నాను. తోచనప్పుడు పాలపిట్ట తల అటూ ఇటూ తిప్పుతుంటుంది. మిడత కంటబడిందా, తల ఆగిపోతుంది. ఒకే చోటికి గురి. ఒళ్ళు ముందుకు వాలుతుంది, ఈకలు ఒంటికి అణిగిపోతాయి, పిట్ట ఉన్నట్టుండి సన్నబడుతుంది. అదీ సమయం. కొన్నిసార్లు ఎగరబోయే ముందు రెట్ట కూడా వేస్తుంది. నవ్వకండి! పక్షుల ఫోటోలు తీసేవాళ్ళకి అదో శుభశకునం. చెరువుగట్టు మీద నలుగురు కెమెరాల వాళ్ళు ఒక్కసారిగా వేళ్ళు బిగించారంటే పైన ఏం జరిగిందో చూడక్కర్లేదు.

తప్పిపోయిందా? దిగులెందుకు? మిడతని ముక్కున కరుచుకుని తరచూ అదే తీగ మీదికి తిరిగొస్తుంది. వాలేముందు రెక్కలు రెండూ బార్లా చాపి, తోక విసనకర్రగా పరిచి, వేగం తగ్గించుకుంటుంది. ఎగిరేటప్పటి కంటే వాలేటప్పుడే అందం ఎక్కువని నా అభిప్రాయం. మీరు కాదంటే కాసేపు వాదించుకుందాం. మీరు చేయాల్సిందల్లా అది వదిలి వెళ్ళిన చోటే తీగ మీద ఫోకసు పెట్టి ఉంచడం.

గాలి సంగతి కూడా చెప్పాలి. పక్షి మామూలుగా గాలికి ఎదురుగానే లేస్తుంది, ఎదురుగానే వాలుతుంది. కాబట్టి గాలి మీ వీపుకి తగిలేలా నిలబడ్డారంటే పిట్ట మీ ముఖానికేసే వస్తుంది. ఎండ కూడా మీ వీపు మీదే పడుతుంటే ఇంకేం కావాలి! జూన్, జూలై నెలల్లో మా గుంటూరు వైపు పడమటి గాలి. సాయంత్రం ఎండా పడమరే. తీగకి పడమటి పక్క నిలబడితే రెండూ కలిసొస్తాయి. సంక్రాంతికి ముందు రోజుల్లో ఈశాన్యపు గాలి కాబట్టి పొద్దున్నే తూర్పు పక్కకి మారాలి. రైతులు తూర్పారబట్టేటప్పుడు చూసుకునేదీ ఇదేగా, గాలెటు, మనమెటు.

మధ్యలో ఒక్కమాట. దసరాకి పాలపిట్టని పట్టి, పంజరంలో పెట్టి, ఇల్లిల్లూ తిప్పి డబ్బులడిగేవాళ్ళని ప్రోత్సహించకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. కట్టేసిన రెక్కలో ఏముంటుందండీ చూడ్డానికి? మీ ఊరి బయట తీగ మీద ఉంది నిక్షేపంగా. నాలుగడుగులు నడవండి.

కెమెరాలో అంకెలేం పెట్టాలంటారా? చెప్తాను, కానీ దీనికోసం తల బద్దలుకొట్టుకోవద్దు. షట్టరు స్పీడు 1/2000 సెకను. లెన్సు ఎంత తెరుచుకుంటే అంత తెరిచిపెట్టండి. ఐ.ఎస్.ఓ. సంగతి కెమెరాకే వదిలేయండి. ఫోకసు, కదిలేవాటిని వెంబడించే పద్ధతిలో. నొక్కి పట్టుకుంటే వరసగా తీసే పద్ధతిలో. అంతే. రాత్రి చందమామని తీసి ఉంటారు, పొద్దున పుట్టినరోజు కేకు తీసి ఉంటారు. ఏం తీసినా సరే, కెమెరా పక్కన పెట్టేముందు అంకెలు మళ్ళీ ఇక్కడికే తెచ్చిపెట్టండి. ఫోటోలో గరుకు వస్తుందని కొందరు బెంగపడతారు. రానివ్వండి. గరుకుని తర్వాత చాలావరకు సర్దుకోవచ్చు. చెదిరిపోయిన కన్నుని ఎవరు సర్దుతారు?

ఫోనేనా మీ దగ్గరున్నది? మరీ మంచిది. అది బీరువాలో ఉండదు! చాలా ఫోన్లలో పక్కనుండే పవర్ బటన్ రెండుసార్లు గబగబా నొక్కితే తాళం తీయకుండానే కెమెరా తెరుచుకుంటుంది. మీ ఫోన్లో ఆ ఏర్పాటుందో లేదో ఇవాళే చూసుకోండి. పాలపిట్టకి ఫోను చాలదు గానీ, తులసికోట మీది ఊసరవెల్లికీ, నీళ్ళతొట్టి అంచున ఉడుతకీ భేషుగ్గా సరిపోతుంది.

కారులో వెళ్తుంటే కనబడిందా, దిగకండి. చాలా పక్షులు కారుకి బెదరవు, కాళ్ళమీద నడిచొచ్చే మనిషికి బెదురుతాయి. అద్దం దించి, ఇంజను ఆపేయండి. ఇంజను ఆడుతుంటే కెమెరా వణుకుతుంది. కెమెరాని కూడా ఒక్కసారిగా ఎత్తొద్దు. నిదానంగా, పొట్ట దగ్గర్నుంచి గెడ్డం దాకా, గెడ్డం దగ్గర్నుంచి కంటి దాకా. ఇంకో సంగతి, ఒక కన్ను కెమెరాకి అప్పజెప్పినా రెండోది మూయొద్దు. ఫ్రేములోకి రాబోయే వాళ్ళని చూసేది ఆ రెండో కన్నే.

ఇప్పుడొచ్చిన కెమెరాల మాయ తెలుసా మీకు? 2016లో ఒలింపస్ వాళ్ళు ఇ-ఎమ్1 మార్క్ టూ అనే కెమెరాలో ఓ ఏర్పాటు పెట్టారు. బటన్ సగం నొక్కి పట్టుకుంటే చాలు, లోపల ఫోటోలు తీస్తూ, పాతవి వదిలేస్తూ, కొత్తవి దాచుకుంటూ ఉంటుంది. మీరు పూర్తిగా నొక్కగానే, నొక్కకముందు గడిచిపోయిన క్షణంలోంచి కూడా పద్నాలుగు ఫోటోలు కార్డులోకి ఎక్కిస్తుంది! గడిచిపోయినదాన్ని చెయ్యిచాచి వెనక్కి లాగడం ఎక్కడైనా విన్నారా? తర్వాత నికాన్, కానన్, సోనీ వాళ్ళూ ఇలాంటిది తెచ్చారు. ఇది దొంగాట అంటారు కొందరు పాతకాపులు. నేనొప్పుకోను. పిట్ట ఏ కొమ్మ మీంచి లేస్తుందో, ఎటు తిరిగి లేస్తుందో కెమెరా చెబుతుందా? అక్కడికి పొద్దున్నే నిద్రలేచి వెళ్ళేది కెమెరానా? సెకనులో అయిదో వంతు దగ్గర మన శరీరానికి ఓ హద్దుంది. ఆ హద్దుకి అవతల చేయందించే యంత్రం దొరికితే రెండు చేతులా తీసుకుంటాను.

లకుముకి పిట్ట దగ్గరికొద్దాం. కైకలూరు, భీమవరం వైపు చేపల చెరువుల గట్ల మీద తిరిగారా ఎప్పుడైనా? నలుపూ తెలుపూ లకుముకి అక్కడ కొల్లలు. నీళ్ళ మీద గాల్లో ఒక్కచోటే నిలబడి, ముక్కు కిందికి పెట్టి, రెక్కలు టపటపలాడిస్తుంది. ఎగిరే పక్షి ఒక్కచోట నిలబడి ఫోటో దిగుతానంటే ఎవరైనా కాదంటారా? ఫోకసు కుదుర్చుకోవడానికి అదే అదను. నిలబడింది, నిలబడింది, ఇదిగో రెక్కలు ముడిచింది, ఇక బాణమే. నీళ్ళు చిమ్మడం, చేపతో పైకి లేవడం, అన్నీ కళ్ళు మూసి తెరిచేలోపు.

కానీ నాకు ప్రాణమైన ఘట్టం ఆ తర్వాత. గట్టు మీద గుంజ పైన వాలి, చేపని తోక దగ్గర పట్టుకుని గుంజకేసి అటొక దెబ్బ ఇటొక దెబ్బ బాదుతుంది. బాదాక చేపని ముక్కులో తిప్పుకుంటుంది. అక్కడ కళ్ళు చిట్లించి చూడండి. చేప తల పిట్ట గొంతు వైపుకుందా, అయితే మింగేస్తుంది. పొలుసులూ ముళ్ళూ గొంతులో అడ్డుపడకుండా తల ముందు దిగాలి కదా. చేప తల బయటికి, మనవైపుకి ఉందనుకోండి... ఆఁ, అదీ! ఆ చేప దానికోసం కాదు. జతపక్షికో, గట్టు బొరియలో నోళ్ళు తెరుచుకు కూర్చున్న పిల్లలకో. అవతలివాళ్ళ గొంతులో తల ముందు దిగాలని అలా తిప్పి పట్టుకుంటుంది. అది కనబడిన మరుక్షణం మీకు తెలిసిపోతుంది, ఇది ఇప్పుడు మింగదు, లేస్తుంది, గట్టు వెంబడి తిన్నగా పోతుంది. వేలు బటన్ మీద పెట్టుకోండి. జతకట్టే రోజులైతే ఇంకా అదృష్టం. పక్క గుంజ మీది ఆడపక్షికి ముక్కులోంచి ముక్కులోకి అందిస్తుంది. ఆ చేప చేతులు మారే క్షణం, అదే, ముక్కులు మారే క్షణం దొరికితే ఆ రోజు ఇంట్లో పాయసమే.

బొరియ దాకా మాత్రం వెంటపడకండి. గట్టు మీద మనిషి నిలబడితే తల్లి లోపలికి పోలేదు, లోపల పిల్లలకి ఆకలి. దూరం నుంచి చూసి దండం పెట్టేయండి.

గుంటూరు వాళ్ళకైతే ఉప్పలపాడు ఉండనే ఉంది. ఊళ్ళో చెరువు, చెరువు మధ్యలో చెట్లు, చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు. చలికాలంలో పోతే కొమ్మ ఖాళీ ఉండదు. సైబీరియా నుంచి వస్తాయని ఊరంతా చెప్పుకుంటారు. ఉహుఁ. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ మన దేశం పక్షులే. చెరువులో నీళ్ళూ చేపా చూసుకుని చోటు మారతాయి, అంతే. ఇక్కడి ఉప్పలపాడు, శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురం, సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టు, ఈ మూడు చోట్లా మన నేల మీదే పుట్టి పెరిగే గూడబాతుల్ని చూడొచ్చు. మన బిడ్డల్ని పరాయి దేశం పిల్లలంటే ఎలాగండీ?

అక్కడ నే కాపు కాసేది పిల్ల గూడబాతు అన్నం తినే వేళకి. తల్లి వచ్చి వాలగానే పిల్ల గోల మొదలవుతుంది. ఆ గోలే మనకి గంట. తల్లి ముక్కు తెరుస్తుంది, పిల్ల తల దూర్చేస్తుంది. తల, మెడ, ఇంకాస్తుంటే భుజాలు కూడా, అంతా తల్లి గొంతుసంచీలోకి! తల్లి ముక్కు చివర్నుంచి పిల్ల ఒళ్ళు మాత్రం బయటికి వేలాడుతుంటుంది. ఇది కాస్త నిదానంగా జరిగే వ్యవహారమే, మరీ అంత వేగిరపాటు అక్కర్లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళని ముందు ఉప్పలపాడే వెళ్ళమంటాను. పక్షులు పెద్దవి, దూరం తక్కువ, ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. ఒకటి పుల్ల తెస్తుంది, ఇంకొకటి పక్కింటి గూట్లోంచి అదే పుల్ల లాక్కుపోతుంది.

అక్కడా ఒకటి కడుపు మండిస్తుంది. ఎగిరే ఫోటో కావాలని చప్పట్లు కొట్టేవాళ్ళు, రాయి విసిరేవాళ్ళు! పెద్దవి లేచిపోతే గూట్లో పచ్చి పిల్లల మీద ఎండ పడుతుంది, కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. భయపడి లేచిన పక్షి ఫోటో చూడగానే తెలిసిపోతుందండీ, మెడ తీరే వేరు. పులికాట్‌లో రాజహంసల్ని చూడండి. వాటికి ఎవరూ రాయి విసరక్కర్లేదు. లేవాలనుకుంటే ముందు మెడలు చాపి అన్నీ ఒకే దిక్కుకి నడక మొదలుపెడతాయి. నడక పరుగవుతుంది, పరుగెడుతూ నీళ్ళు చిమ్ముతూ లేస్తాయి. నడక మొదలైందంటే మీ చేతిలో కావలసినంత వ్యవధి. ఓపిక పట్టినవాళ్ళకి అవి ముందే చెప్పి మరీ లేస్తాయి.

ఇంత సరంజామా లేని రోజుల్లో ఏం చేశారంటారు? ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ అని ఓ దొరగారు, బ్రిటిషు కాలంలో సంయుక్త పరగణాల (యునైటెడ్ ప్రావిన్సెస్) అడవుల్లో అటవీ అధికారి. తోటివాళ్ళంతా పులుల్ని తుపాకీతో కొడుతుంటే ఈయన కెమెరా పట్టుకు తిరిగాడు. పులి నడిచే బాట కనిపెట్టి, ఆ బాటకి అడ్డంగా సన్నటి తీగ కట్టి, తీగని కెమెరాకీ మెగ్నీషియం ఫ్లాష్‌కీ తగిలించి ఇంటికెళ్ళి పడుకునేవాడు. రాత్రి పులి వచ్చి కాలితో తీగని తాకితే భగ్గున వెలుగు, ఫోటో పడిపోయేది. పులే తన ఫోటో తను తీసుకున్నట్టు! 1927లో ఆ ఫోటోలతో పుస్తకమే వేశాడు. పెద్ద వేటగాడు జిమ్ కార్బెట్ కెమెరా వైపు మొగ్గడానికి ఈయన కూడా ఓ కారణం. తీగ కట్టడానికి నిమిషాలు చాలు. ఎక్కడ కట్టాలో తెలియడానికి మాత్రం ఎన్నాళ్ళు అడవిలో అడుగుజాడలు వెతుక్కుని ఉంటాడో!

మన కడపలోనూ ఇలాంటి కథ ఉంది, ఇంకా పెద్దది. కలివికోడి. జెర్డాన్ అనే వైద్యుడి ద్వారా 1848లో లోకానికి తెలిసిన పిట్ట. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. పోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో భరత్ భూషణ్ గారు కడప జిల్లాలో మళ్ళీ దాని ఉనికి పట్టుకున్నారు. పగలంతా ముళ్ళపొదల్లో నక్కి, రాత్రిళ్ళు తిరిగే పిట్ట. అలాంటిదానికి ఎవరు కాపు కాస్తారు, ఎలా కాస్తారు? తర్వాత వచ్చిన పరిశోధకులు ఏం చేశారంటే, పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వెళ్ళి వాటి మీద కాలిగుర్తులు చూసుకునేవారు. గుర్తులు పడ్డచోట తమంతట తామే ఫోటో తీసే కెమెరాలు పెట్టారు. చిన్న చిన్న వేళ్ళ ముద్రలు ముందు, ఫోటో తర్వాత. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది ఆ పిట్ట కోసమే. తిరుపతి వెళ్ళేటప్పుడు కడప మీదుగా ఎన్నిసార్లు పోయారు మీరు? ఆ పొదల వంక ఒక్కసారైనా చూశారా?

కంటితోనే కాదు, చెవితో కాచుకోవడమూ ఉంది. దానికి నల్లమలే బడి. మన్ననూరు దాటి ఫరహాబాద్ సఫారీకో, శ్రీశైలం దారిలో తుమ్మలబైలుకో వెళ్ళండి. కానీ దయచేసి జీపులో చిప్సు పొట్లాలు కరకరలాడించకండి! డ్రైవరు ఉన్నట్టుండి ఇంజను ఆపేస్తాడు. "ఏంటి బాబూ, ఆగిపోయిందా?" అని అడుగుతారు వెనకసీటు వాళ్ళు. ఆగలేదండీ, ఆపాడు. ఎక్కడో దుప్పి కూసింది, పదునుగా, ఒక్క కూత. ఆ వెంటనే చెట్టు చిటారున కొండముచ్చు దగ్గినట్టు అరిచింది. చిరుత కదులుతోందన్నమాట. ఇప్పుడు మీరు చిరుత కోసం పొదలన్నీ గాలించొద్దు. కొండముచ్చు ఎటు చూస్తోందో చూడండి. మా కాలవగట్టు తాత చెప్పిన మాటే! అది చూసే దిక్కున, పొదలు ఎక్కడ పలచబడి బాట కనబడుతోందో అక్కడ ఫోకసు పెట్టి ఊరుకోండి. వస్తే రెండంగల్లో బాట దాటేస్తుంది. రాకపోతే దుప్పుల చెవులు ఎలా నిక్కబొడుచుకున్నాయో తీసుకోండి, అది మాత్రం తక్కువా? ఆ కూతలన్నీ చెంచులకి మనకి పేపరు చదవడం ఎంతో అంత. వాళ్ళు పక్కనుంటే మీ కెమెరా కంటే వాళ్ళ ముఖమే ఎక్కువ చూడండి.

అన్నిటికంటే నేను ఎదురుచూసేది తొలకరికి. ఏడాదంతా కాచుకున్నా విసుగుండదు. మొదటి గట్టి వాన పడి వెలిసిన సాయంత్రం, చెదపుట్ట దగ్గరికి వెళ్ళి గొంతుకూర్చుని చూడండి. తడిమట్టిలో కొత్తగా సన్నటి చీలికలు కనబడతాయి. వాటి అంచున పెద్ద పెద్ద తలల సిపాయి చెదలు వరసగా కాపలా నిలబడి ఉంటాయి. అది చూశారా, ఇక కాఫీకి కూడా ఇంట్లోకి పోవద్దు. కాసేపట్లో ఆ చీలికల్లోంచి ఉసిళ్ళు పొంగుకొస్తాయి.

ఆ తర్వాత ఆకాశం చూడాలి! ఏట్రింతలు తీగ మీంచి లేచి గాల్లోనే గిరికీలు కొట్టి పట్టేస్తాయి. గోరింకలు నేల మీదే ఏరుకుంటాయి. కాకులకి తినడం కంటే హడావిడి ఎక్కువ. గద్దలు కూడా వస్తాయండీ, అంత పెద్ద గద్దలు, ఇంతింత ఉసిళ్ళని గోళ్ళతో పట్టి, ఎగురుతూనే కాలు ముక్కు దగ్గరికి తెచ్చుకుని తింటాయి. ఆ కాలు ఎత్తే క్షణం మీద కన్నేయండి. పాలపిట్టకి ఎండ వీపు మీద ఉండాలన్నాను కదా, ఇక్కడ తిరగేయండి. వాన వెలిశాక పడమట మబ్బు చీలి కాస్త ఎండ వచ్చిందా, ఎండకి ఎదురుగా నిలబడండి. ఉసిళ్ళ రెక్కలన్నీ వెలిగిపోతాయి. వెలుతురు చాలక 1/2000 కుదరకపోతే తగ్గించుకోండి, రెక్కలు కాస్త చెదిరినా ఆ రోజుకి అందమే. అరగంట, మహా అయితే ఇంకాస్త. తర్వాత నేలంతా రాలిన రెక్కలు, వీధిదీపం కింద పొట్టలు పట్టుకున్న కప్పలు.

దాని వెనకే ఆరుద్ర పురుగులు. జూన్ మూడో వారం దాటి ఆరుద్ర కార్తె వచ్చే వేళకి, చెలకల్లో, ఇసుక నేలల్లో, ఎర్రటి మఖమలు ముద్దలు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకున్నవాళ్ళేగా మీరంతా! వీటికి వేగం అక్కర్లేదు, వంగే నడుం కావాలి. తాకితే కాళ్ళు ముడుచుకుని కదలకుండా ఉంటాయి గానీ, తాకకుండా నడుస్తున్నప్పుడే తీయండి. ఎండెక్కితే మళ్ళీ మట్టిలోకి. తడిచేలో బోర్లా పడుకోవడానికి చాప తీసుకెళ్ళండి, చీర బురదైందని నన్ననొద్దు.

ఆ పైన గిజిగాడు. నాట్లు పడి వరి ఆకు కాస్త పొడుగవగానే మొదలెడతాడు. ఆకు మొదట్లో ముక్కుతో చిన్న గాటు పెట్టి, అక్కడ కరుచుకుని ఎగిరిపోతాడు. ఆకులోంచి సన్నటి పీలిక సర్రున చీలి వెంట వచ్చేస్తుంది. పసుప్పచ్చ టోపీవాడి వెనక గాల్లో తేలుతూ మూరెడు ఆకుపచ్చ పీలిక! ఆ ఫోటో తీసేదాకా నాకు ఏ వానాకాలమూ పూర్తయినట్టుండదు. సగం కట్టిన గూళ్ళున్నచోట కాపు వేయండి, పూర్తయినవాటి దగ్గర కాదు. ఆడపక్షి గూళ్ళు చూడ్డానికి వచ్చేది ఆ సగంలోనే. అది రాగానే చెట్టు చెట్టంతా మగపిట్టలు గూళ్ళకి తలకిందులుగా వేలాడి, రెక్కలు కొట్టుకుంటూ, నా ఇల్లు చూడు నా ఇల్లు చూడు అని ఒకటే అరుపులు. అరుపు ఎక్కువైందంటే ఆడపక్షి వచ్చిందని గుర్తు. అది గూట్లో దూరి, అల్లిక లాగి చూసి, నచ్చితే ఉంటుంది. అప్పుడు గాని ఆయనగారు కింది గొట్టం కట్టి ఇల్లు పూర్తి చేయడు.

మీ వైపు చెరువుగట్ల మీద ఈతచెట్లు ఎక్కువంటారు కదా. గిజిగాడి గూళ్ళు ఏ చెట్టుకున్నాయి, నీళ్ళ మీదికి వంగిన కొమ్మలకేనా, పక్కన వరి చేలున్నాయా, ఇవన్నీ చూసి నాకో ముక్క చెప్పండి. వానలు పడ్డాక మీ ఇంటికే వచ్చి దిగుతాను. పెద్ద మర్యాదలేం వద్దు. బ్యాటరీ పెట్టుకోవడానికి ఒక ప్లగ్గు, తెల్లారకముందే గేటు తాళం తీసేవాళ్ళు ఒకరు, చాలు.